రోజూ ప్రార్థన నిలబడాలంటే: మన నెల్లూరు, ప్రకాశం సంఘాల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

కావలి, కందుకూరు, ఒంగోలు చుట్టుపక్కల యవ్వనస్తుల కూడికైనా, స్త్రీల కూడికైనా, చివర్లో "సందేహాలుంటే అడగండి" అంటే ముందు వచ్చేది రోజువారీ ప్రార్థన సంగతే. జనవరి ఒకటిన వాగ్దాన వచనం కార్డు చేతిలో పెట్టుకుని ఈ ఏడాది మానకూడదు అనుకుంటారు. సంక్రాంతి దాటేసరికి జారిపోతుంది. తర్వాత ఎవరినన్నా అడగాలంటే సిగ్గు. అందుకే ఆ ప్రశ్నలన్నీ అడిగినవాళ్ళ మాటల్లోనే ఇక్కడ పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. నేను బాప్టిస్టు సంఘంలో పెరిగాను. లూథరన్, కథోలిక, పెంతెకొస్తు, బ్రదరన్ సంఘాల వాళ్ళకు కొన్నిచోట్ల పద్ధతి వేరుగా ఉంటుంది. అక్కడ మీ సంఘ పద్ధతినే పాటించండి.

## మొదలుపెట్టే ముందు

ఆదివారం మందిరానికి పోతాను, శుక్రవారం ఉపవాస కూడికకు పోతాను. మళ్ళీ ఇంట్లో రోజూ ఎందుకు?

కూడికలో ఎవరో ఒకరు ప్రార్థిస్తే మనం ఆమేన్ అంటాం. అది మంచిదే, కావాల్సిందే. కానీ మంగళవారం వడ్డీ కట్టాల్సిన టెన్షన్, ఇంటాయనతో రాత్రి జరిగిన గొడవ, పరీక్ష పోయిన పిల్లోడి ముఖం, ఇవన్నీ మందిరంలో మైకు ముందు చెప్పలేం. వీటికి ఇంకో చోటు కావాలి. మార్కు సువార్త మొదటి అధ్యాయం చూడండి. యేసు విశ్రాంతి దినాన కపెర్నహూము సమాజమందిరంలో బోధించాడు. సాయంకాలం ఊరంతా తలుపు దగ్గరికొస్తే రోగుల్ని బాగుచేశాడు. మర్నాడు ఇంకా చీకటి ఉండగానే లేచి, ఒంటరిగా అరణ్య ప్రదేశానికి వెళ్ళి ప్రార్థించాడు. కూడికలో అంతసేపు గడిపిన ఆయనకే ఒంటరి ప్రార్థన అవసరమైంది.

నాకు ప్రార్థన చేయడం రాదు. పాస్టర్ గారి లాగా మాటలు రావు. ఎట్లా?

చాలామంది ఆగిపోయేది ఇక్కడే. "కృపాకనికరములు గల" అని మొదలుపెట్టకపోతే అది ప్రార్థనే కాదనుకుంటారు. ఆ భాష అందమైనదే, తరతరాలుగా మన మందిరాల్లో వింటున్నదే. కానీ అది షరతు కాదు. ఇంట్లో నాయనతో ఎట్లా మాట్లాడతారో అట్లాగే మాట్లాడండి. "అయ్యా, ఈరోజు కూలి దొరకాల. పిల్లకు జ్వరం తగ్గాల. రాత్రి కోపంతో అన్న మాటకు నన్ను క్షమించు." ఇది పూర్తి ప్రార్థన, దీనికి ఇంకేమీ అతికించనక్కర్లేదు. లూకా 18లో పన్ను వసూలు చేసే సుంకరి చేసిన ప్రార్థన ఒకే ఒక్క వాక్యం. నీతిమంతుడిగా తీర్చబడి ఇంటికి వెళ్ళింది అతనే అని యేసు చెప్పాడు.

కొత్తగా నమ్ముకున్నాను. బాప్తిస్మం ఇంకా కాలేదు. నేను ప్రార్థించొచ్చా?

నిస్సందేహంగా. అపొస్తలుల కార్యములు 10లో కొర్నేలీ బాప్తిస్మానికి ముందే ఎప్పుడూ ప్రార్థించేవాడు, ఆ ప్రార్థనలు దేవుని సన్నిధికి చేరాయని దూత వచ్చి చెప్పాడు.

మా అత్తగారింట్లో నేనొక్కదాన్నే విశ్వాసిని. గొడవ కాకుండా ఎట్లా ప్రార్థించాల?

పెదవులు మాత్రమే కదిలిస్తూ, గొంతు వినపడకుండా ప్రార్థించిన హన్నా మీకు తోడు. పక్కన కూర్చున్న యాజకుడికే ఆమె చేస్తోంది ప్రార్థన అని తెలియలేదు, దేవుడికి తెలిసింది. మీరు గిన్నెలు తోముతూ, నీళ్ళు పట్టుకుంటూ, పడుకునే ముందు దుప్పటి కప్పుకుని ప్రార్థించొచ్చు. అత్తమ్మ అడిగితే దాచొద్దు. "మన ఇంటి క్షేమం కోసం నేను రోజూ దేవుణ్ణి అడుగుతున్నానత్తా" అని నెమ్మదిగా చెప్పండి, నిజంగా ఆమె పేరు పెట్టి అడగండి కూడా. వాళ్ళ పూజను, పండగను తక్కువ చేసి ఒక్క మాట కూడా అనొద్దు. ఎవరైనా కొడుతున్నా, బెదిరిస్తున్నా అది వేరే సంగతి. మౌనంగా భరించడమే భక్తి అనుకోకుండా, నమ్మకమైన పెద్దలకు వెంటనే చెప్పండి.

## సమయం, చోటు

తెల్లవారుజామున నాలుగింటికి లేచి చేస్తేనే దేవుడు వింటాడంటారు. నిజమేనా?

కాదు. దావీదు సాయంకాలం, ఉదయం, మధ్యాహ్నం అన్నాడు. దానియేలు రోజుకు మూడు మార్లు మోకరించేవాడు. పేతురు మిట్టమధ్యాహ్నం మిద్దె మీద ప్రార్థించాడు. పౌలు, సీలలు చెరసాలలో అర్ధరాత్రి ప్రార్థించారు. అయితే తెల్లవారుజాముకు ఒక మేలు ఉంది, అది కాదనలేం. ఫోన్ మోగదు, ఎవరూ పిలవరు. మే నెలలో మన ఒంగోలు ఎండలకు మనిషి స్థిమితంగా కూర్చోగలిగేది ఆ గంటే. మీకు కుదిరితే ఆ సమయమే పెట్టుకోండి. రాత్రి పన్నెండింటికి పడుకునే మనిషి నాలుగింటికి అలారం పెట్టుకుంటే మాత్రం నాలుగు రోజుల్లో ఒళ్ళు మొరాయిస్తుంది. మీరు ఇప్పటికే లేచే టైముకు పదిహేను నిమిషాలు ముందుకు జరపండి, చాలు. ముఖం కడుక్కున్న తర్వాత, టీ పొయ్యి మీద పెట్టక ముందు, అని రోజూ ఎలాగూ చేసే పనికి ఆనించి పెట్టుకుంటే గుర్తు పెట్టుకోవాల్సిన పని ఉండదు.

మొదట్లో ఎంతసేపు చేయాల? గంట చేయాలన్నారు మా కూడికలో.

పది నిమిషాలతో మొదలుపెట్టండి. మన వైపు పొగాకు ఆకును సెగ మీద ఆరబెట్టే బ్యారన్ కాల్చేవాళ్ళను అడగండి. ఆకు పచ్చదనం పోయి పసుపు తిరిగేదాకా సన్నని సెగే పెడతారు. తొందరపడి మొదట్లోనే వేడి పెంచితే ఆకు పచ్చగానే బిగుసుకుపోతుంది, రేటు రాదు. గంట ప్రార్థన అలవాటైన పెద్దలు ఒక్క రోజులో అక్కడికి చేరలేదు.

పది నిమిషాలు ఎట్లా గడపాలి అంటే, నేను కొత్తవాళ్ళకు చెప్పేది ఇది. కాసేపు ఊరికే కూర్చోండి, ఊపిరి నెమ్మదించాలి. ఒక కీర్తన, పెద్దదైతే సగం, బయటికి చదవండి. నిన్న జరిగిన ఒక మేలును పేరు పెట్టి చెప్పి స్తుతించండి. నిన్న చేసిన ఒక తప్పును పేరు పెట్టి ఒప్పుకోండి. ఈరోజు పనులు ఒక్కొక్కటి చెప్పండి. ఇంకో ముగ్గురి కోసం అడగండి. యేసు నేర్పిన పరలోక ప్రార్థనతో ముగించండి. టైము మిగిలితే ఇంకాసేపు ఉండండి, లేకపోతే లేవండి. తృప్తిగా అనిపించలేదని సాగదీయొద్దు.

మాది ఒకే గది ఇల్లు. ఆరుగురం ఉంటాం. నీ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకో అన్నాడు కదా యేసు?

ఆ మాట మత్తయి 6లో మనుషులకు కనపడాలని వీధి మూలల్లో నిలబడి ప్రార్థించేవాళ్ళ గురించి చెప్తూ అన్నది. గది లేనివాళ్ళను బయట పెట్టడానికి అనలేదు. ఆయనే కొండకు వెళ్ళాడు, తోటకు వెళ్ళాడు. హిజ్కియా రాజు మంచం పట్టినప్పుడు ముఖం గోడవైపు తిప్పుకుని ప్రార్థించాడని యెషయా 38లో ఉంది. చాప మీద పడుకుని ముఖం గోడకు తిప్పుకోవడం ఎంత ఇరుకు ఇంట్లోనైనా కుదురుతుంది. మిద్దె, పశువుల కొట్టం, చేను గట్టు, ఊళ్ళో మందిరం తెరిచి ఉంటే మందిరం, ఏదైనా సరే. ఒకటి ఎంచుకున్నాక ఊరికే మార్చకండి.

రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా నాది. పొద్దున పడుకుంటాను. నాకు ప్రార్థన టైము ఏది?

గుంటలో ప్రాణవాయువు బాగా పడిపోయేది తెల్లవారుజామునే. మీ పనిలో అందరికంటే మెలకువగా ఉండాల్సిన గంటలు అవే. కరెంటు పోతే నిమిషాల్లో జనరేటర్ వేయాలి, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ ఒక్కటి ఆగినా కనిపెట్టాలి. ఆ టైములో కళ్ళు మూసుకుని మోకరించమని మీకు ఎవరూ చెప్పకూడదు. కళ్ళు తెరిచి, టార్చి పట్టుకుని నడుస్తూ ప్రార్థించండి.

ఇందుకూరుపేట వైపు ఒక తమ్ముడు చేసే పద్ధతి నాకు చాలా నచ్చింది. గుంటకు నాలుగు గట్లు. మొదటి గట్టు మీద నడుస్తున్నంతసేపు స్తుతి. రెండో గట్టు మీద భార్య, పిల్లలు, ఊళ్ళో ఉన్న అమ్మానాన్న. మూడో గట్టు మీద యజమాని, తోటి పనివాళ్ళు, ఆ పంట. నాలుగో గట్టు మీద సంఘం, ఊరు. షెడ్డు దగ్గరికొచ్చేసరికి ప్రార్థన అయిపోతుంది, గుంట చూడటమూ అయిపోతుంది. తనకు వాచీ అక్కర్లేదు, నోటుబుక్కు అక్కర్లేదు.

కృష్ణపట్నం పోర్టులోనో, పవర్ ప్లాంటులోనో మారే షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళు గడియారాన్ని నమ్ముకోకండి. ఈ వారం ఉదయం ఆరు, వచ్చే వారం రాత్రి పది అయినప్పుడు "రోజూ ఐదింటికి" అన్నది నిలబడదు. "డ్యూటీ దిగి స్నానం చేసిన వెంటనే" అని పెట్టుకోండి. షిఫ్టు మారినా స్నానం మారదు.

పొద్దున లేస్తే వంట, పిల్లలు, క్యారేజీలు, తర్వాత పొగాకు గ్రేడింగ్ పని. కూర్చునే టైము ఏది నాకు?

అమ్మా, మీకు కూర్చునే టైము దొరకడం లేదంటే అది మీ భక్తిలో లోపం కాదు. ఇంట్లో పని పంచుకోని మగవాళ్ళు ఈ జవాబు చదవాలని నా కోరిక. భార్య పది నిమిషాలు దేవుని సన్నిధిలో కూర్చోవాలంటే ఆ పది నిమిషాలు పిల్లలకు జడలు వేయడమో, క్యారేజీలు కట్టడమో భర్త చేయాలి.

అది జరిగేదాకా చిన్న ప్రార్థనలు వాడుకోండి. నెహెమ్యా రాజుకు ద్రాక్షారసం అందిస్తూ, రాజు ప్రశ్న అడిగాక జవాబు చెప్పేలోపే దేవునికి ప్రార్థించాడు (నెహెమ్యా 2:4). పొయ్యి వెలిగించేటప్పుడు ఒక మాట, పిల్లలు గడప దాటేటప్పుడు ఒక మాట, ఆటో ఎక్కి పనికి పోయేటప్పుడు ఒక మాట. గ్రేడింగ్‌లో ఆకు చూసి వేరుచేస్తూ పక్కవాళ్ళ పేర్లు దేవునికి చెప్పుకునే అక్కలు ఉన్నారు. వారంలో ఒక్క రోజైనా, ఆదివారం మధ్యాహ్నం అయినా సరే, తీరిగ్గా కూర్చునే అరగంట మీకోసం పట్టుబట్టి తీసుకోండి.

ఫోన్‌లో బైబిలు పెట్టుకుని ప్రార్థించొచ్చా?

చేసుకోవచ్చు. ముందు డేటా ఆపేయండి. కీర్తన చదువుతుండగా వాట్సాప్ మెసేజ్ ఒకటి పైన కనపడిందంటే మనసు అటే పోతుంది. వీలైతే కాగితం బైబిలే మేలని నా అభిప్రాయం.

## ఏమని ప్రార్థించాలి

రోజూ అవే మాటలు వస్తున్నాయి. నాకే విసుగ్గా ఉంది. ఏం చేయాల?

సొంత మాటలు అయిపోయినప్పుడు కీర్తనలు అందుకోండి. మొత్తం 150. రోజుకు ఒకటైతే ఐదు నెలలు వస్తాయి. ఐదు చొప్పున చదివితే నెలలో పూర్తవుతాయి. ఊరికే చదివి మూసేయకుండా, ఒక్కొక్క వచనం దగ్గర ఆగి దాన్ని మీ మాటగా మార్చండి. ఉదాహరణకు 13వ కీర్తన. ఆరు వచనాలే. ఎంతకాలం నన్ను మరిచిపోతావు అని మొదలవుతుంది. అక్కడ ఆగి, మీకు ఏ సంగతిలో దేవుడు మరిచిపోయాడనిపిస్తోందో అది చెప్పండి, భయపడకండి, ఆ మాట బైబిల్లోనే ఉంది. తర్వాత నా కన్నులకు వెలుగియ్యమని అడుగుతాడు. మీకు దారి తోచని విషయం అక్కడ చెప్పండి. చివర్లో నీ కృపను నమ్ముకున్నానంటాడు. మీకు ఇంకా అంత నమ్మకం రాకపోతే "ఈ మాట నేను కూడా అనేలా చెయ్యి" అని అడగండి. ఇట్లా చేస్తే ఏ రెండు రోజులూ ఒకేలా ఉండవు.

ఎవరెవరి కోసమో ప్రార్థిస్తానని మాట ఇస్తాను, మర్చిపోతాను. గుర్తుండేదెట్లా?

రాసుకోవాలి. మా స్త్రీల కూడికలో ఒక పెద్దమ్మ దగ్గర అట్ట ఊడిపోయిన లాంగ్ నోటుబుక్కు ఉంది. పేజీ మధ్యలో స్కేలుతో గీత. ఎడమ పక్క తేదీ, పేరు, అడగమన్న సంగతి. కుడి పక్క ఖాళీ. సంగతి తేలినప్పుడు కుడి పక్క రాస్తుంది. "తల్లీబిడ్డ క్షేమం." "అప్పు తీరింది." ఒకచోట "చనిపోయాడు. భార్యకు అంగన్‌వాడీలో పని దొరికింది." కుడి పక్క ఇంకా ఖాళీగానే ఉన్న వరసలు కూడా చాలా ఉన్నాయి. ఆమె వాటిని కొట్టేయదు, పుస్తకం నిండి కొత్తది కొన్నప్పుడు వాటినే ముందు ఎక్కిస్తుంది.

పేర్లు ఎక్కువైతే వారంలో రోజులవారీగా పంచుకోండి. సోమవారం బంధువులు, మంగళవారం రోగులు, బుధవారం చదువుకునే పిల్లలు, ఇట్లా. ఒక జాగ్రత్త. ప్రార్థన కోసమని మనతో చెప్పిన రహస్యం మన నోట ఊరంతా తిరగకూడదు. ఆ నోటుబుక్కులో పేరు బదులు మొదటి అక్షరం రాసుకున్నా చాలు, దేవునికి తెలుసు.

అన్నీ అడుక్కోవడమే అవుతోంది. ఇది స్వార్థమా?

అనుదినాహారం అడగమని నేర్పింది యేసే. కూలి, కరెంటు బిల్లు, కాలేజీ ఫీజు అడగడం స్వార్థం కాదు. కాకపోతే అడిగినవి వచ్చాక కృతజ్ఞత చెప్పడం మర్చిపోతాం. పదిమంది కుష్ఠురోగులు బాగైతే తిరిగొచ్చింది ఒక్కడే. రోజూ అడిగే ముందు నిన్న అందిన ఒక్కదానికి వందనాలు చెప్పండి.

పరలోక ప్రార్థన రోజూ అప్పజెప్తే వ్యర్థమైన మాటలు అవుతాయా?

అన్యజనుల్లాగా వ్యర్థమైన మాటలు వచించొద్దని చెప్పిన వెంటనే యేసు ఆ ప్రార్థననే నేర్పాడు. అంటే మళ్ళీ మళ్ళీ చెప్పడం తప్పు కాదు, మనసు పెట్టకుండా చెప్పడం తప్పు. ఒక్కో రోజు ఒక్కో మనవి దగ్గర నిదానించండి.

నాకు భాషల వరం (తెలియని భాషల్లో ప్రార్థించే వరం) లేదు. నా ప్రార్థన తక్కువదా?

కాదు. అందరూ భాషలతో మాట్లాడుతున్నారా అని పౌలే 1 కొరింథీ 12లో అడిగాడు. వరం ఉన్నవాళ్ళను చిన్నచూపు చూడకండి, లేదని మిమ్మల్ని మీరు చిన్నచూపు చూసుకోకండి.

## ఆగిపోయినప్పుడు, బరువెక్కినప్పుడు

మోకాళ్ళ మీదనే నిద్రొస్తోంది. సాతాను పనా?

ముందు నిద్ర ఎన్ని గంటలు పోతున్నారో చూసుకోండి. గెత్సేమనేలో శిష్యులు నిద్రపోతే, ఆత్మ సిద్ధమే గాని శరీరం బలహీనం అన్నాడు యేసు. తిట్టడం కంటే అర్థం చేసుకోవడమే ఆ మాటలో కనపడుతుంది. ముఖం కడుక్కోండి, లేచి నిలబడండి, నడుస్తూ గట్టిగా పలికి ప్రార్థించండి. సరిపడా పడుకున్నా పగలంతా మగతగా, నీరసంగా ఉంటే రక్తపరీక్ష చేయించుకోండి. రక్తం తక్కువైనా, థైరాయిడ్ ఉన్నా, షుగర్ ఉన్నా ఇట్లాగే ఉంటుంది.

నెల రోజులు బాగా చేశాను. కోతలొచ్చాయి, ఆగిపోయింది. ఇప్పుడు మొదలుపెట్టాలంటే ముఖం చెల్లడం లేదు.

ఈ ప్రశ్న కోసమే ఈ పేజీ మొత్తం రాశానంటే తప్పు కాదు. మన సంఘాల్లో ప్రార్థన నిలబడకపోవడానికి సోమరితనం కంటే ఈ సిగ్గే పెద్ద కారణం. ఒక వారం మానేస్తే ఆ వారం బాకీ పడ్డట్టు, దాన్ని కట్టాకే దేవుని ముఖం చూడాలన్నట్టు అనుకుంటాం. రేపు రెండు గంటలు చేసి సర్దుబాటు చేద్దాం అనుకుంటాం. రేపు రెండు గంటలు దొరకవు, బాకీ ఇంకో రోజు పెరుగుతుంది. అట్లా నెలలు గడిచిపోతాయి.

బాకీ లేదు. మానేసిన రోజులు మానేసినవే, వాటిని ఎవరూ కట్టించుకోరు. యెరూషలేము కాలిపోయిన తర్వాత రాసిన విలాపవాక్యములు మూడో అధ్యాయంలో, దేవుని వాత్సల్యత ప్రతి ఉదయం కొత్తగా పుడుతుందని ఉంది. మీరు రెండు వారాల తర్వాత వచ్చినా మీకు ఎదురయ్యేది ఈరోజు ఉదయం వాత్సల్యతే.

కాబట్టి మళ్ళీ మొదలుపెట్టే రోజు పెద్ద ప్రార్థన పెట్టుకోకండి. ఐదు నిమిషాలు కూర్చోండి. "వచ్చాను తండ్రీ" అనండి. ఒక కీర్తన చదవండి. లేవండి. మర్నాడు అదే టైముకు మళ్ళీ కూర్చోండి. కోతలు, నాట్లు, పెళ్ళిళ్ళు, పిల్లల పరీక్షలు ప్రతి ఏడాదీ వస్తాయి. ఆ రోజులకు ముందే ఒక చిన్న పద్ధతి ఆలోచించి పెట్టుకుంటే ఇంకా మంచిది. మామూలు రోజుల్లో ఇరవై నిమిషాలు చేసేవాళ్ళు కోతల రోజుల్లో పరలోక ప్రార్థన ఒక్కటే నిదానంగా చెప్పి పడుకోవచ్చు.

తప్పు చేశాను. చేసినప్పటి నుంచి ప్రార్థనకు కూర్చోలేకపోతున్నాను.

51వ కీర్తన తెరవండి. పరాయివాడి భార్యను తీసుకుని, ఆమె భర్తను చంపించాక దావీదు చేసిన ప్రార్థన అది. శుద్ధి అయ్యాక దేవుని దగ్గరికి రావడం కాదు, ఆయన దగ్గరికి వస్తేనే శుద్ధి. ఇంకో మనిషికి నష్టం చేసి ఉంటే మాత్రం ప్రార్థనతో సరిపెట్టకండి. అర్పణ బలిపీఠం దగ్గర వదిలిపెట్టి వెళ్ళి ముందు సహోదరునితో సమాధానపడమన్నాడు యేసు. తీసుకున్న డబ్బు తిరిగివ్వాలి, అన్న మాటకు క్షమాపణ అడగాలి. తాగుడు లాంటిది ఒంటరిగా మానలేకపోతుంటే పాస్టర్ గారితోనూ, డాక్టర్‌తోనూ మాట్లాడండి.

ప్రార్థిస్తుంటే ఏమీ అనిపించడం లేదు. కన్నీళ్ళు రావు. దేవుడు దూరమయ్యాడా?

మహాసభల్లో కీబోర్డు, డోలు, వేలమంది పాట మధ్య వచ్చే ఉద్వేగం ఇంట్లో చాప మీద ఒంటరిగా కూర్చున్నప్పుడు రాదు. రానక్కర్లేదు. కన్నీళ్ళు వచ్చిన రోజు స్తోత్రం, రాని రోజు కూడా ప్రార్థన ప్రార్థనే. 88వ కీర్తన చీకటి అనే మాటతోనే ముగుస్తుంది, ఓదార్పు లేదు, అయినా అది మన ప్రార్థనల పుస్తకంలో ఉంది.

ఇంకో మాట. వారాల తరబడి నిద్ర లేక, అన్నం సయించక, దేనిమీదా మనసు లేక, చచ్చిపోతే బాగుండు అనిపిస్తుంటే అది విశ్వాసం తగ్గడం కాదు, జబ్బు అయి ఉండొచ్చు. ఏలీయా చావు కోరుకున్నప్పుడు దేవుడు ముందు నిద్రపోనిచ్చి, రొట్టె, నీళ్ళు ఇప్పించాడు. ఇంట్లోవాళ్ళకు చెప్పండి, ఆలస్యం చేయకుండా డాక్టర్‌ను కలవండి.

ఏళ్ళ తరబడి ఒకే సంగతి అడుగుతున్నాను. జవాబు లేదు. ఇంకా అడగాలా?

ఒంగోలులో ఉన్న ప్రార్థన కొండ సంగతి చాలామందికి పేరు వరకే తెలుసు. పూర్తిగా చెప్తాను. అమెరికన్ బాప్టిస్టులు 1836లో తెలుగువాళ్ళ మధ్య పని మొదలుపెట్టారు, 1840లో వాళ్ళ మిషనరీ శామ్యూల్ డే నెల్లూరు వచ్చాడు. పదమూడేళ్ళ తర్వాత కూడా ఫలితం ఎంత తక్కువంటే, 1853లో ఈ మిషన్ మూసేద్దామా అని అమెరికాలో చర్చ జరిగింది. నెల్లూరులో ఉన్న మిషనరీ లైమన్ జ్యూయెట్ మాత్రం వదలలేదు. 1854 జనవరి 1న తెల్లవారకముందే ఆయన, ఆయన భార్య, మరో ముగ్గురు తెలుగు విశ్వాసులు ఆ కొండ ఎక్కారు. ఐదుగురే. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు.

వాళ్ళు అడిగిన ఆ సేవకుడు, జాన్ క్లౌ, ఒంగోలు వచ్చి స్థిరపడింది 1866లో. పన్నెండేళ్ళు. తర్వాత 1876-78 కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో 3.5 మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు పని చూపించాడు. అన్నం కోసం మతంలో చేరారనే మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపి ఉంచాడు. కరువు సడలాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కొండ మీద ప్రార్థనకు, ఆ రోజుకు మధ్య ఇరవై నాలుగేళ్ళు.

ఇది చెప్తున్నది మీకు కూడా ఇరవై నాలుగేళ్ళకు జవాబు ఖాయమని మాట ఇవ్వడానికి కాదు. పౌలు తన శరీరంలో ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, దేవుడు తీయలేదు, నా కృప నీకు చాలు అన్నాడు. జవాబు అవునో, కాదో, ఇంకా కొంత కాలమో మనకు ముందుగా తెలియదు. లూకా 18లోని విధవరాలు మాత్రం విసుగు లేకుండా అడుగుతూనే ఉంది, ఆ ఉపమానం యేసు చెప్పింది అందుకే. అడగండి. అడగలేనంత అలసిపోయిన రోజున "ఈరోజు నా బదులు నువ్వు అడుగు" అని ఇంకో విశ్వాసికి అప్పజెప్పండి.

మందులు మానేసి ప్రార్థన మీదే ఆధారపడమన్నారు. అదే విశ్వాసమా?

మానకండి. హిజ్కియాకు ఆయుష్షు పెంచుతానన్న దేవుడే పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు. లూకా వైద్యుడు. మాత్ర వేసుకుంటూ ప్రార్థించండి, ఆపరేషన్‌కు పోతూ ప్రార్థించండి.

ఫలానా చోట కానుక పంపితే మన కోసం ప్రత్యేకంగా ప్రార్థిస్తారంట. పంపొచ్చా?

సేవకు కానుక ఇవ్వడం మంచిది. ప్రార్థనకు రేటు పెడితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. మీ బిడ్డ కోసం మీరు చేసే ప్రార్థన ఎవరి ప్రార్థనకూ తీసిపోదు.

## కుటుంబంతో, సంఘంతో

కుటుంబ ప్రార్థన అంటే పిల్లలు పారిపోతున్నారు. బలవంతం చేయాలా?

మీ ప్రార్థన ఎంతసేపు ఉంటోందో ఒకసారి చూసుకోండి. నలభై నిమిషాల ప్రార్థనలో నాన్న ఒక్కడే మాట్లాడుతుంటే పిల్లలకు కాళ్ళు తిమ్మిరెక్కడం తప్ప ఏమీ మిగలదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పిల్లలకు వచ్చిన పాట ఒక చరణం, సువార్తలో పది వచనాలు పిల్లలే చదవాలి, ప్రతి ఒక్కరూ ఒక్కో వాక్యం ప్రార్థించాలి. పావుగంటలో అయిపోవాలి. పిల్లల తప్పుల్ని ప్రార్థనలో పెట్టి దెప్పొద్దు. "ప్రభువా, వీడికి బుద్ధి ఇయ్యి" అని వాడి ముందే అంటే వాడికి ప్రార్థన అంటేనే కోపం వస్తుంది. కాలేజీకొచ్చిన పిల్లవాడు కూర్చోనంటే గొడవ పడకండి, తలుపు తెరిచి పెట్టి మీరు చేసుకోండి.

నాకు షుగర్ ఉంది. ఉపవాసం ఉండకపోతే ప్రార్థన బలంగా ఉండదా?

ఇన్సులిన్, మాత్రలు వాడేవాళ్ళు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టర్‌ను అడగకుండా ఉపవాసం ఉండొద్దు. షుగర్ పడిపోతే ప్రాణం మీదికొస్తుంది. మీరు అన్నం తిని, టీవీనో ఫోన్‌నో ఒక పూట పక్కన పెట్టి ఆ టైము దేవునికివ్వండి. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల కాలం నలభై రోజులకూ ఇదే వర్తిస్తుంది.

ఒక్కణ్ణే చేస్తే నిలబడటం లేదు. ఎవరినన్నా తోడు పెట్టుకోవచ్చా?

పెట్టుకోండి. నెలల తరబడి ప్రార్థన నిలబెట్టుకున్నవాళ్ళలో ఎక్కువమందికి ఇట్లా ఒకరు ఉండటం నేను చూశాను. ఆడవాళ్ళకు ఆడవాళ్ళు, మగవాళ్ళకు మగవాళ్ళు అయితే మంచిది. వారంలో ఒక రోజు ఫోన్ చేసుకుని "ఈ వారం కూర్చున్నావా?" అని అడగాలి. లేదంటే దెప్పకుండా "అయితే ఇప్పుడు ఇద్దరం ఫోన్‌లోనే రెండు నిమిషాలు చేద్దాం" అనగలిగిన మనిషిని ఎంచుకోండి.

మా అమ్మకు చదువు రాదు, ఇప్పుడు చూపు కూడా తగ్గింది. మందిరానికి రాలేకపోతోంది. ఆమెకు ఏం చేసి పెట్టగలను?

తెలుగు ఆడియో బైబిలు ఫోన్‌లోనో, మెమరీ కార్డు పెట్టుకునే చిన్న స్పీకర్‌లోనో వేసివ్వండి. ఏ బటన్ నొక్కితే మోగుతుందో, దాని మీద గుడ్డ ముక్కో టేపో అతికించి చేత్తో తడిమి చూపించండి. కీర్తనలు, యోహాను సువార్త ముందు వేయండి. పాత పాటలు ఆమెకు మనకంటే ఎక్కువ వచ్చి ఉంటాయి, పక్కన కూర్చుని పాడించుకోండి. మీ సంఘంలో ఎవరికి ఏం కష్టం ఉందో పేర్లతో సహా వారానికోసారి ఆమెకు చెప్పండి, వాళ్ళ కోసం ప్రార్థించే పని ఆమెకు అప్పగించండి. మంచం మీద ఉన్న పెద్దవాళ్ళకు టైము ఉంటుంది, మనుషుల మీద బెంగ ఉంటుంది. తర్వాతి వారం వెళ్ళినప్పుడు ఆ పేర్లు ఆమే అడుగుతుంది, అప్పుడు ఎవరి సంగతి ఏమైందో విడమరిచి చెప్పండి.